తమిళుడు నెట్ల ఇల్లు కట్టుకున్నడు.. మన మాట ఇంక వాకిట్లనే ఉన్నది

‘తమిళోళ్లను చూసి నేర్చుకోండి. భాష మీద ప్రేమంటే వాళ్లది!’

ఈ మాట వినని తెలుగోడు ఉండడు. తెలుగు సభ పెడితే ఇదే మాట. ఇంగ్లీషు మీడియం మీద చర్చ పెడితే ఇదే మాట. పండుగ సంచికకు సంపాదకీయం రాయాలె, ఏం తట్టకపోతే ఇదే మాట. చెప్పేటోళ్లు ఎవ్వలు? ‘సోపతి’ అంటె నవ్వినోళ్లు. ‘తొవ్వ’ అంటె మొఖం ముడిచినోళ్లు. మన మాటను ఏండ్ల తరబడి సినిమాల రౌడీ నోట్లె, జోకరు నోట్లె పెట్టి పైసలు చేసుకున్నోళ్లు. వాళ్లే ఇయ్యాల తమిళుని భాషాభిమానం గురించి మనకు పాఠం చెప్తరు.

సరే, నేర్చుకుందాం. కానీ తమిళుడు అసలు ఏం చేసిండో తెలుసుకొని నేర్చుకుందాం.

తమిళ అభిమానం అనంగనే మనకు యాదికొచ్చేది 1965 హిందీ వ్యతిరేక పోరాటం, రైల్వే స్టేషన్ల బోర్డుల మీద పూసిన తారు, మెరీనా బీచిల నిలబెట్టిన విగ్రహాలు. అది అందరికి కనవడ్డ సంగతి. కనవడని సంగతి ఇంకోటి ఉన్నది. అది 1990లల్ల, కొలువు నుంచి ఇంటికొచ్చి బువ్వ తిన్నంక, రాత్రిపూట కంప్యూటర్ ముంగట కూసొని చేసిన పని. 1998ల పొంగల్ నాడు ‘ప్రాజెక్ట్ మదురై’ అని మొదలుపెట్టిన్రు. పాత తమిళ పుస్తకాలను ఒక్కొక్క అక్షరం టైపు కొట్టి, తప్పులు దిద్ది, ఎవ్వలకైనా ఉత్తగనే దొరికేటట్టు నెట్ల పెట్టుడే ఆ పని. తిరుక్కురళ్‌తోని మొదలుపెట్టి వందల పుస్తకాలు ఎక్కిచ్చిన్రు. దాన్ని నడిపిన కల్యాణసుందరం తమిళ పండితుడు కాదు, స్విట్జర్లాండ్‌ల పనిచేసే రసాయన శాస్త్రవేత్త. టైపు కొట్టినోళ్లు ఒక్క ఊరోళ్లు కాదు, ఒక్క దేశపోళ్లు గూడ కాదు. ఒకని మొఖం ఒకడు చూసింది లేదు. ఎవ్వలకూ జీతం లేదు, శాలువ లేదు, స్టేజీ మీద కుర్చీ లేదు.

అంతకు ముందు వాళ్లకూ మన లెక్కనే తిప్పలుండె. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు. ఒకడు రాసింది ఇంకొకని కంప్యూటర్ల తెరిస్తే పిచ్చిగీతలు. సింగపూర్‌ల నా. గోవిందసామి, మలేషియాల ముత్తు నెడుమారన్ అసొంటోళ్లు దీని మీద ఏండ్లకేండ్లు కూసున్నరు. 1997ల సింగపూర్‌ల సభ పెట్టుకున్నరు, 1999ల చెన్నైల పెట్టుకున్నరు. ‘తమిళ్ 99’ అని కీబోర్డు ఒకటి ఖాయం చేసుకున్నరు. తమిళనాడు సర్కారు చెయ్యి వేసింది ఈ అభిమానులు బాట వేసినంకనే. ముందుగాల మనుషులు, వాళ్ల ఎనుక సర్కారు. ఈ వరుస యాదిపెట్టుకోండి, మళ్ల దీని దగ్గరికే వస్త.

ఇగ మనం నిజంగ నేర్చుకోవల్సింది లంక తమిళుల దగ్గర. 1981ల యాళ్పాణం గ్రంథాలయాన్ని కాలవెట్టిన్రు. తొంభై ఏడు వేల దాక పుస్తకాలు, మళ్ల దొరకని తాళపత్రాలు ఒక్క రాత్రిల బూడిదైనయ్. ఊరు పోయింది, పుస్తకం పోయింది, దేశాలు పట్టుకొని పోయిన్రు. ఆ మనుషులు ఏడ్సుకుంట కూసోలె. 2005ల ‘నూలగం’ అని మొదలుపెట్టి లంక తమిళుల పుస్తకం, పత్రిక, కరపత్రం ఏది దొరికితే అది ఏరుకొచ్చి నెట్ల దాచిన్రు. తమిళ వికీపీడియా 2003ల పుట్టింది. దానికి పునాది వేసినోళ్లల్ల ముందుగాల చెప్పే పేరు మయూరనాదన్. ఆయనది యాళ్పాణం, గల్ఫ్‌ల కొలువు చేసుకుంట వ్యాసాలు రాసిండు. మన మెదక్, కరీంనగర్, నిజామాబాద్ పిలగాండ్లు పోయేది గూడ ఆ గల్ఫ్‌కే గదా! లంక తమిళుని మాట వేరు, మదురై మాట వేరు. ‘మీది యాస, మాది భాష’ అని చెన్నై అంటె లంకోళ్లు ఊకోలె. వాదులాడిన్రు, తమ వాడుకను నిలబెట్టుకున్నరు. పెద్ద రాష్ట్రం నీడల చిన్న ప్రాంతం మాట బతికింది అట్ల. మనకు పాఠం చెప్పేటోళ్లు ఈ ముక్క మాత్రం చెప్పరు.

తమిళుని చూసి మన తెలుగు పెద్దలు నేర్చుకున్నదేంది? హోదా అడుగుడు. 2004ల తమిళానికి ప్రాచీన భాష హోదా వచ్చింది. ‘వాళ్లకిచ్చి మాకియ్యరా?’ అని లొల్లి చేసిన్రు, 2008 అక్టోబర్ 31న తెలుగుకు, కన్నడకు గూడ వచ్చింది. దాని మీద మద్రాసు హైకోర్టుల కేసు పడ్డది, 2016ల కొట్టేసిన్రు. గెలిచినం అని మిఠాయిలు పంచుకున్నరు. ఆ గెలుపుతోని టేక్మాల్‌ల ముసలవ్వ నోట్ల ఉన్న మాట ఒక్కటన్న పుస్తకంలకు ఎక్కిందా? తెలుగు ఎంత పాతదో చూపెట్టాలంటె కరీంనగర్ దిక్కు కురిక్యాల గుట్ట మీద పదో శతాబ్దంల జినవల్లభుడు చెక్కిచ్చిన కందపద్యాలు కావాలె. సాక్ష్యానికి మన రాయి కావాలె, నిఘంటువుల మన మాట మాత్రం వద్దు.

నిఘంటువుల సంగతి గూడ చూడండి. బ్రౌన్ దొర 1852ల నిఘంటువు అచ్చేసిండు. మహానుభావుడే, కాదనం. కానీ ఆయన కొలువు చేసింది కంపెనీ జిల్లాలల్ల, ఆ జిల్లాల పండితులతోని. సూర్యరాయాంధ్ర నిఘంటువు పిఠాపురం రాజావారి పోషణల తయారైంది, అది ఎక్కువ పాత కావ్యాల భాష. ఆ తర్వాత పత్రికలు, రేడియో, బడి పుస్తకాలు అన్నీ రెండున్నర జిల్లాల మాటనే తెలుగని చలామణి చేసినయ్. ఇయ్యాల నెట్ల ఎక్కువ ఉన్నది ఆ రాతనే. ఇప్పుడు మనిషి లెక్క మాట్లాడే యంత్రాలొచ్చినయ్. అవి ఎక్కడి నుంచి నేర్చుకుంటయ్? నెట్ల ఏ రాత ఉంటే ఆ రాతను మింగి నేర్చుకుంటయ్. ఎనుకట పంతులు ఒక్కడు ‘అట్లనొద్దు, అలా అనాలి’ అని దిద్దుతుండె. రేపు లక్ష ఫోన్లు ఒక్కసారే దిద్దుతయ్. పంతులుతోనైతె కొట్లాడినం. యంత్రంతోని ఏం కొట్లాడుతం?

‘మేం చేస్తనే ఉన్నం గదా’ అనేటోళ్లు ఉంటరు. ఉన్నరు, అబద్ధమెందుకు. తెలుగు వికీపీడియా గూడ 2003 డిసెంబర్‌ల పుట్టింది. దాంట్ల మన తెలంగాణ పిలగాండ్లు, సార్లు కొందరు ఏండ్ల సంది పైస ఆశ లేకుంట రాస్తున్నరు. నలిమెల భాస్కర్ సారు ఒక్కడే ‘తెలంగాణ పదకోశం’ తయారు చేసిండు. వాళ్లకు దండం. కానీ మూడున్నర కోట్ల మందిమి ఉండి ఒక్క సారు భుజాల మీద నిఘంటువు పెట్టి చేతులు దులుపుకునుడు ఏం న్యాయం?

ఈ పని మన రక్తంల లేదని మాత్రం అనకండి. టేక్మాల్‌కు దగ్గర్లనే జోగిపేట ఉన్నది. 1930ల మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది అక్కడనే. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. నిజాం రాజ్యంల తెలుగుల మాట్లాడితే సభలల్ల ఎక్కిరిచ్చే రోజులు. గోలకొండ పత్రిక అప్పటికి నాలుగేండ్ల పిల్ల. తెలంగాణల కవులే లేరని ఒకాయన రాస్తే సురవరం తిట్టుకు తిట్టు రాయలె. ఊరూరికి ఉత్తరాలు రాసిండు. ఏ ఊర్ల ఏ కవి ఉన్నడో పద్యాలు పంపుమన్నడు. 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చేసి 354 మంది కవులను నిలబెట్టి చూపిచ్చిండు. పోస్టు కార్డే ఆయన నెట్. తెలిసినోళ్లు తెలిసినంత పంపిన్రు, ఒక్క దగ్గర కుప్పవోసిన్రు. అరవై నాలుగేండ్ల తర్వాత తమిళులు ప్రాజెక్ట్ మదురై పేరు మీద చేసింది గూడ అదే పద్ధతి. 2025ల తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం పేరు పెట్టిన్రు, సంతోషం. ఆయన పేరు గోడకు ఎక్కింది. ఆయన పని ఎవ్వలు ఎత్తుకున్నరు?

టేక్మాల్ దిక్కే చూద్దాం. మెదకంటె చెరువుల జిల్లా. చెరువు చుట్టూ ఎన్ని మాటలు! నిండితే పొర్లిపోయేది మత్తడి. ‘మత్తడి దుంకుతున్నది’ అంటె ఊరుకు ఊరే ఉరుకుతది. నీళ్లు ఇడిసేది తూము. నీళ్లు నిలిచే భూమి శిఖం. మడి మడికి నీళ్లు పంచేటోడు నీరటి. నీళ్లు తక్కువున్న ఏడు ఎంత భూమి పారిచ్చుకోవాలెనో కూసొని ఖాయం చేసుకునేది తైబందీ. ఇది ఒక్క మాట కాదు, ఒక పంచాయితీ చట్టం. కొట్లాట లేకుంట కరువును పంచుకునే తెలివి ఆ మాటల ఉన్నది. చెరువులు ఎండినయ్, బోర్లు పడ్డయ్, నీరటి కొలువు పోయింది, తైబందీ అంటె ఇప్పుడు ఇంటర్ చదివే పిలగానికి తెల్వది. మోట గూడ అంతే. తొండం, గిరక, మోకు, ఎనుకకు నడిచే ఎడ్లు, మోట కొట్టేటోని పాట. కరెంటు మోటరు వచ్చి ఒక తరంల అన్నిటినీ మింగింది. మోట పోయినందుకు ఎవ్వలూ ఏడ్వలె, అది ఎడ్లకూ మనిషికీ నడుములిరిగే పని. మాట పోవుడెందుకు మరి?

2015 నుంచి మిషన్ కాకతీయల చెరువుల పూడిక తీసిన్రు. మాటల పూడిక తీసుడు ఏ పథకంల లేదు. ‘వానకాలం, యాసంగి’ అనే మాటలు మాత్రం 2020 సంది సర్కారు కాయిదాలల్లకు ఎక్కినయ్, ఖరీఫ్, రబీ ఎనుకకు పోయినయ్. చూసిన్రా, ఒక్క మాట కాయిదం మీదికి ఎక్కితే అది యాస కాదు, భాషనే! రైతు ఎనుకటి సంది అంటున్న మాటనే, రాసేటోళ్లకు ఇన్నేండ్లు పట్టింది.

ఇంకొక సంగతి, ఇది మన పత్రికల ఇంటి గుట్టు. మలిదశ ఉద్యమం నడిచినన్నొద్దులు వారపత్రికలు, కరపత్రాలు, పాటల పుస్తకాలు గంపలకొద్ది అచ్చేసినం. అన్నీ పేజ్‌మేకర్‌ల, అను ఫాంట్ల కొట్టినం. ఆ ఫైళ్లు ఇయ్యాల నెట్ల వెతికితే ఒక్క అక్షరం దొరకదు. సీడీలు గీతలు పడ్డయ్, హార్డ్‌డిస్కులు చచ్చినయ్, కాయిదాలు పాత పేపరోని తక్కెట్లకు పోయినయ్. మిలియన్ మార్చ్ నాడు ట్యాంక్‌బండ్ మీద చేతులు మారిన కరపత్రం ఇప్పుడు ఏ ఇంట్ల ఉన్నది? సకలజనుల సమ్మె నలభై రెండు రోజులల్ల ఊరూర రాసుకున్న పాటలు? 1969 కాయిదాలైతె అడుగుడే వద్దు. లంక తమిళుల గ్రంథాలయాన్ని శత్రువు కాలవెట్టిండు. మనది ఎవ్వలూ కాలవెట్టలె, మనమే కిలో లెక్కన అమ్ముకున్నం. రేపు మన పోరాటం గురించి నెట్ల ఎవ్వడన్న వెతికితే కొట్లాడినోడు రాసింది దొరుకతదా, దూరంగ కూసొని మనల్ని తిట్టినోడు రాసింది దొరుకతదా?

‘యూట్యూబ్ నిండ మన యాసనే గదన్నా’ అని పిలగాండ్లు అంటరు. నిజమే. లంబాడిపల్లి మై విలేజ్ షో గంగవ్వ నోట్ల మన మాట దేశాలు తిరిగింది. 2023ల ‘బలగం’ సినిమా చూసి ఊర్లకు ఊర్లు ఏడ్సినయ్. ఇది ఉద్యమం తెచ్చిన మార్పే, కాదనేటోడు లేడు. కానీ చెవిల పడ్డ మాట వేరు, రాత మీదికొచ్చిన మాట వేరు. వీడియోల నవ్వి పోయిన మాటకు అర్థం ఏందని వెతికితే ఎక్కడ దొరకాలె? రాసిపెడితేనే దొరుకుతది.

తమిళుని దగ్గర నేర్చుకోగూడనిది గూడ ఒకటి ఉన్నది. 2006ల తమిళనాడు సర్కారు బడులల్ల తమిళం తప్పనిసరి అని చట్టం తెచ్చింది. హోసూర్ దిక్కు తరతరాల సంది తెలుగు మీడియంల చదువుకునే పిల్లలకు అది గొంతుల ముల్లైంది. తన భాష మీద ప్రేమ పక్కోని పిల్లల మెడకు ఉరితాడు కావద్దు. మన రాష్ట్రంల గూడ 2018ల తెలుగు తప్పనిసరి చట్టం వచ్చింది. మన దగ్గర ఉర్దూ ఉన్నది, లంబాడి ఉన్నది, గోండి ఉన్నది. మన మాటను తొక్కితే ఎట్లుంటదో మనకు తెలుసు గదా, ఇంకొకళ్ల మాట మీద కాలుపెట్టే ముందు ఆలోచన చెయ్యాలె.

చట్టంతోని, హోదాతోని, జీవోతోని అయ్యే పని కాదిది. ముందుగాల మనుషులు, వాళ్ల ఎనుక సర్కారు అన్నది ఇందుకే. టేక్మాల్ మండలంల డిగ్రీ చదివిన పిలగాండ్లు ఊరికి పది మందన్న ఉంటరు, పది మంది చేతులల్ల పది ఫోన్లు. ఫోన్ల యూనికోడ్ తెలుగు ఉన్నది, తమిళుల లెక్క ఫాంటు కోసం ఏండ్లు కొట్లాడే పని లేదు. విక్షనరీ తెరిచే ఉన్నది, వికీసోర్స్ తెరిచే ఉన్నది, పైస అడగరు. చెయ్యాల్సింది ఇంతే. ఈ యాసంగి నాట్లు అయిపోయినంక ఊర్ల డెబ్బై ఏండ్లు దాటిన నీరటోళ్లు, మోట కొట్టినోళ్లు, నాట్ల పాటలు వచ్చిన అవ్వలు ఎవ్వరెవ్వరున్నరో లెక్క రాయండి. సాయంత్రం ఒక్కొక్కళ్ల దగ్గర అరగంట కూసోండి. వాళ్లు అన్నది అన్నట్టు రాయండి, ‘గిట్ల కాదు ఇలా’ అని దిద్దకండి. ఉద్యమం నాటి కరపత్రం ఎవ్వరి ట్రంకుపెట్టెల ఉన్నా ఫోటో తీసి, టైపు కొట్టి ఎక్కియ్యండి. తొందరగ చెయ్యండి. ఈ చలికాలం దాటినంక ఆ లెక్కల పేర్లు ఎన్ని మిగులుతయో ఎవ్వలూ చెప్పలేరు.