గోడు వేరు, ఫిర్యాదు వేరు

కంప్లైంట్‌ని తెలుగులో ఏమంటారు అని నిఘంటువు తెరిస్తే ముందు ఫిర్యాదు కనిపిస్తుంది. పారసీ నుంచి వచ్చిన మాట. పోలీసు స్టేషన్లో, మునిసిపల్ ఆఫీసులో ఇచ్చేది అది. ఇంట్లో మాత్రం ఎవరూ అమ్మమ్మకి ఫిర్యాదు ఇవ్వరు. గోడు వెళ్ళబోసుకుంటారు. దేవుడికైతే మొర పెట్టుకుంటారు. ఎవరికీ చెప్పకుండా తనలో తానే గొణుక్కుంటే అది సణుగుడు. (వీటిలో నాకు సణుగుడు ఇష్టం. పలుకుతుంటేనే అర్థం వచ్చేస్తుంది.)

ఇన్ని మాటలు ఉండటం నాకు సాఫ్ట్‌వేర్ విషయంలో పనికొచ్చింది. యాప్ తయారు చేసేవాళ్ళు ఫిర్యాదు కోసం చూస్తారు: ఏ ఫోను, ఏ వెర్షన్, ఏం నొక్కితే ఏం జరిగింది. వాడేవాళ్ళు గోడు చెప్పుకుంటారు: పొద్దున్నుంచీ ప్రయత్నిస్తున్నాను, పని చెయ్యట్లేదు, డబ్బులు కూడా కట్టాను. రెండూ నిజమే. కానీ గోడు విన్నవాళ్ళు ఇందులో పనికొచ్చే ముక్క ఏదీ అని విసుక్కుంటారు. చెప్పినవాళ్ళు నా మాట ఎవరూ వినరు అని ఇంకా కోపం తెచ్చుకుంటారు.

మనలాగా బయటి దేశాల్లో తెలుగు నేర్చుకునేవాళ్ళు వాడే యాప్‌ల రివ్యూలు చూడండి. ఒక్క స్టార్, "తెలుగు సరిగ్గా రావట్లేదు" అని ఒక్క ముక్క, మూడు కోపం బొమ్మలు. కింద కంపెనీ జవాబు: మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. పైన ఎవరు ఏం రాసినా కింద అదే జవాబు.

నేను పదాల కార్డుల యాప్ ఒకటి వాడతాను. చిన్న కంపెనీ, పేరు చెప్పను. కిందటి ఏడాది ఒక అప్‌డేట్ తర్వాత అందులో ఒత్తులన్నీ విడిపోయాయి. అమ్మ అని ఉండాల్సిన చోట అమ్‌మ అని వచ్చింది. అక్క కాస్తా అక్‌క అయింది. చదవడం వచ్చినవాళ్ళకి ఇది చిరాకు, అంతే. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇంకా నష్టం, ఎందుకంటే వాళ్ళు అదే సరైన రూపం అనుకుని నేర్చేసుకుంటారు. కంపెనీకి రాస్తే "మా దగ్గర బాగానే కనిపిస్తోంది" అని జవాబు వచ్చింది.

వాళ్ళు అబద్ధం చెప్పారని నేను అనుకోను. తెలుగు రాని మనిషికి అమ్మ, అమ్‌మ రెండూ గుండ్రంగా, అందంగానే ఉంటాయి. తప్పు వాళ్ళ స్క్రీన్ మీద కూడా ఉంది. అది తప్పని వాళ్ళకి తెలియదు. ఇంగ్లీషులో ఒక అక్షరం తలకిందులైతే ఆఫీసులో ఎవరో ఒకరు చూసి నవ్వుతారు, సాయంత్రానికి సరిచేస్తారు. మన అక్షరానికి ఆ అదృష్టం లేదు. అందుకని రెండు రూపాలనీ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోట ఎర్ర సున్నా చుట్టి, ఎడమవైపుది సరైనది, కుడివైపుది మీ యాప్‌ది అని రాసి పంపాను. నాలుగు రోజుల్లో బాగుచేశారు. ఫాంటు మార్చినప్పుడు వచ్చిన తేడా అట.

పుట్టీ అనే ప్రోగ్రాం రాసిన సైమన్ టాథమ్ 1999లో, బగ్‌ల గురించి ఎలా చెప్పాలో ఒక వ్యాసం రాశారు. అందులో ముఖ్యమైన సలహా, ప్రోగ్రాం ఎలా తప్పుతోందో దాన్ని రాసినవాళ్ళు తమ కళ్ళతో చూసేలా చెయ్యమని. చాలా మంచి సలహా. మన విషయంలో దానికి ఇంకొకటి కలపాలి. చూసినా గుర్తుపట్టలేనివాళ్ళకి తప్పు ఒక్కటే చూపిస్తే చాలదు, ఒప్పు కూడా పక్కన పెట్టాలి. ఆ పని మనం తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. మన తెలుగు అరకొరగా ఉన్నా సరే, ఒత్తు ఎక్కడ ఉండాలో మనకి తెలుసు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకి జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఐఓఎస్ 11.2.5 ఉన్న రోజులు. జ్ఞా అనే అక్షరంలో జ్ఞకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటే, అది వచ్చిన యాప్ ఆగిపోయేది. మెసేజెస్, వాట్సాప్ అన్నీ. నోటిఫికేషన్‌లో వస్తే ఒక్కోసారి ఫోను మొత్తం మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ అయ్యేది. ఆ కనిపించని గుర్తు ఎవరో అల్లరికి కనిపెట్టింది కాదు. ఫేస్‌బుక్ అని తెలుగులో రాసేటప్పుడు, బ వెళ్ళి స కింద ఒత్తుగా కూర్చోకుండా ఆపేది అదే. జ్ఞా మధ్యలో దానికి పని లేదు, అంతే. బెంగాలీలో కూడా కొన్ని వరసలు ఇలాగే ఫోన్లని ఆపాయి. పేరు మాత్రం తెలుగుకే వచ్చింది.

కొంతమంది ఆ అక్షరాన్ని సరదాకి పక్కవాళ్ళకి పంపించి ఫోన్లు ఆపేశారు. వార్త పెద్దదై వారం కూడా కాకముందే, ఫిబ్రవరి 19న, యాపిల్ 11.2.6 ఇచ్చేసింది. అప్‌డేట్ వివరణలో కొన్ని అక్షరాల వరసల వల్ల యాప్‌లు ఆగిపోయే సమస్య అని ఉంది. తెలుగు అనే మాట లేదు.

తొందరగా బాగుచేసినందుకు నేను తప్పు పట్టను. కానీ తెలుగు రానివాళ్ళ ఫోన్లు కూడా ఆగడం వల్లే అంత తొందర వచ్చిందని నా అనుమానం. అమ్‌మ అని కనిపిస్తే ఎవరి ఫోనూ ఆగదు. చదువుతున్న పిల్ల ఒక్కతే ఆగుతుంది.

అవతల ఎప్పుడూ పెద్ద కంపెనీ ఉంటుందనుకోవద్దు. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అని ఫైళ్ళని కుదించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. లైనక్స్ ఉన్న దాదాపు ప్రతిచోటా అది ఉంటుంది. దాన్ని చాలా ఏళ్ళు ప్రధానంగా ఒక్క మనిషి, జీతం లేకుండా చూసుకున్నాడు. 2022లో కొన్ని ఖాతాలు ఆయన మీద పడ్డాయి. ఇంత ఆలస్యం ఏమిటి, చేతకాకపోతే ఇంకొకరికి అప్పజెప్పు అన్న ధోరణిలో. ఇది జీతం లేని పని, పైగా నా మనసు ఆరోగ్యం బాగాలేదు అని ఆయన చెప్పుకున్నాడు. చివరికి సాయం చేస్తానని వచ్చిన ఒకరికి హక్కులు ఇచ్చాడు. ఆ వచ్చినవాడే లోపల దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఒక ఇంజనీరుకి అనుమానం రావడంతో 2024 మార్చి 29న అది బయటపడింది. తిట్టిన ఆ ఖాతాలు కూడా అదే పథకంలో భాగమని చాలామంది నమ్ముతున్నారు.

ఇందులో నన్ను కలవరపెట్టేది దొంగదారి కాదు. ఆ ఖాతాల మాటలు కోపం వచ్చిన మామూలు మనిషి రాసే మాటల్లాగే ఉన్నాయి. రోజూ అలాంటివే వినేవాళ్ళకి ఏది నిజమైన గోడో, ఏది నాటకమో ఎలా తెలుస్తుంది?

అయినా సరే, జీతం తీసుకుని యాప్ అమ్మేవాళ్ళ విషయంలో నేను ఇంత మెత్తగా ఉండను. గోడులోంచి ఫిర్యాదు బయటికి తియ్యడం వాళ్ళ పని. పెద్ద కష్టం కూడా కాదు. చింతిస్తున్నాం అని రాసే బదులు, ఏ పదం అండీ, ఒక ఫొటో పంపుతారా అని అడగొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళు కడుపులో ఏదోలా ఉంది అనే చెప్తారు. ఎక్కడ, ఎప్పట్నుంచి అని అడగాల్సింది డాక్టరే.

అన్నిటికంటే నాకు నచ్చనిది, ఎవరూ మాట్లాడకపోతే ఫిర్యాదుని రోబో మూసెయ్యడం. నేను చెప్పిన కార్డుల యాప్‌లోనే పదం కనుక్కునే ఆట ఒకటి ఉంది. అక్షరానికి ఒక గడి. స్త్రీకి ఆరు గడులు వస్తాయి. కంప్యూటర్ లెక్క నాకు తెలుసు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. కానీ తెలుగులో స్త్రీ ఒక్క అక్షరం. పలకమీద దిద్దిన ఎవరినైనా అడగండి. ఇది రాస్తే, మా డిజైన్ అంతే అని ఒక జవాబు వచ్చింది. తర్వాత అరవై రోజులు ఎవరూ ఏమీ అనలేదు, రోబో వచ్చి మూసేసింది. సమస్య తీరిందని కాదు, పాతబడిందని.

నేను మళ్ళీ తెరిచాను. ఈసారి ఒకే గడిలో స్త్రీ రాసిన బొమ్మ పెట్టాను. ఇలాంటి ఆటలు మీరు కూడా ఆడుతుంటే లక్ష్మి అని కొట్టి చూడండి. రెండు అక్షరాలకి ఏడు గడులు వస్తే ఫొటో తీసి ఆ కంపెనీకి పంపండి.