పసుపు అద్దాక పుర్రెలో ఏం జరుగుతుంది?

దసరా రాత్రి దేవరగట్టును మీరు టీవీలో చూసే ఉంటారు. నాది ఆదోని పక్క ఊరు, ఉద్యోగం బెంగళూరులో. హొళగుంద మండలంలోని ఆ కొండ మీద మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం కాగానే విగ్రహాల కోసం కర్రలు లేస్తాయి. నెరణికి, కొత్తపేట వాళ్లు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లు ఇంకోవైపు. దీన్నే బన్ని అంటాం. తల పగిలినోళ్లు బండారు, అంటే స్వామి పసుపు, అద్దుకుని మళ్లీ గుంపులోకి పోతారు. కర్ర పట్టొచ్చా పట్టకూడదా అన్న పంచాయితీ ప్రతి ఏడూ టీవీలో నడిచేదే, అది నాకొద్దు. ఆ పసుపు కింద, పుర్రె లోపలి సంగతి చెప్తాను.

బడిలో కణం బొమ్మ వేసే ఉంటారు. మధ్యలో కేంద్రకం, చుట్టూ కణద్రవ్యం, అందులో చిక్కుడు గింజల్లాంటి మైటోకాండ్రియా. వీటన్నిటి చుట్టూ ఒక గీత, కణత్వచం. దాన్నెవరూ పట్టించుకోరు. కానీ అది గీతా కాదు, గోడా కాదు. కొవ్వు అణువులు తలలు నీళ్లవైపు, తోకలు ఒకదానికొకటి ఎదురుగా పెట్టుకుని రెండు వరుసల్లో నిలబడ్డ పొర. మందం 10 నానోమీటర్ల లోపే. అణువులు పక్కకు జరుగుతూనే ఉంటాయి, మధ్యలో ప్రొటీన్లు తేలుతుంటాయి. 1972లో సింగర్, నికల్సన్ చెప్పిన నమూనా ఇదే.

ఆ ప్రొటీన్లలో ఒకటి సోడియం పంపు. మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఒక్కో విడతకు ఒక ఏటీపీ ఖర్చు. ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరంలోంచి వేరుచేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు దాన్ని కనుక్కున్నాడు.

ఇప్పుడు తలకు దెబ్బ తగిలి పుర్రె లోపల నెత్తురు గడ్డ కట్టిందనుకోండి. అది మెదడును నొక్కుతుంది. రక్తం అందక ఆక్సిజన్ తగ్గుతుంది, ఏటీపీ అయిపోతుంది, పంపు ఆగుతుంది. ఫైర్‌వాల్‌కు కరెంటు పోతే తలుపులు మూసుకోవాలని మేం ముందే రాసి పెట్టుకోగలం. కణానికి ఆ వెసులుబాటు లేదు. సోడియం లోపలే పేరుకుంటుంది, దాని వెంట నీళ్లొస్తాయి, కణం ఉబ్బుతుంది. కాలు వాస్తే చర్మం సాగుతుంది. పుర్రె సాగదు. వాపు రక్తనాళాల్ని ఇంకా నొక్కుతుంది, రక్తం ఇంకా తగ్గుతుంది.

చిక్కేమిటంటే ఆ మనిషి కొన్ని గంటలు బాగానే తిరుగుతుండొచ్చు. పైన నెత్తురు ఆగింది కాబట్టి “ఏం కాలేదప్పా, బండారు పెట్టినా” అంటాడు. ఆ మాటతో ఊరుకోకండి. తలనొప్పి పెరుగుతున్నా, మళ్లీ మళ్లీ వాంతులవుతున్నా, మాట తడబడినా, మత్తుగా ఉన్నా, ఒక కంటిపాప పెద్దదైనా వెంటనే కొండ దగ్గరి వైద్య శిబిరానికి తీసుకెళ్లండి. అక్కణ్నుంచి స్కాన్ ఉన్న ఆసుపత్రికి పంపమని అడగండి. బండారు ఉంటే ఉండనీండి. ఆ రాత్రి మాత్రం అతన్ని ఒంటరిగా పడుకోబెట్టొద్దు, ఎవరో ఒకరు పక్కనే మేలుకుని ఉండాలి.