తానా అంటే తందానా అన్నవాళ్ళు

సినిమా పాటల్లో స్త్రీ చిత్రణ మీద మన దగ్గర జరిగినన్ని సదస్సులు మరో విషయం మీద జరిగి ఉండవు. ఆమధ్య గోదావరి ప్రాంతంలోని ఒక కాలేజీలో జరిగినదానికి నేనూ వెళ్ళాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పదకొండు పత్రాలు. పదకొండూ సాహిత్యం మీదే. ఏ కవి స్త్రీని పువ్వన్నాడు, ఏ కవి ముల్లన్నాడు, ఏ దశాబ్దంలో నడుము మీద ఎన్ని చరణాలు వచ్చాయి... చివర్లో లేచి, ‘ఈ పాటల వెనక పాడినవాళ్ళెవరు, వాయించినవాళ్ళెవరు? వాళ్ళ మీద ఒక్క పత్రమైనా లేదేం?’ అని అడిగాను. అధ్యక్షులవారు నవ్వి, ‘వంత పాడేవాళ్ళ మీద కూడా పరిశోధనా అమ్మా?’ అన్నారు. సభంతా నవ్వింది. స్త్రీవాదులమని చెప్పుకునేవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు మీదే నా పేచీ.

అధ్యక్షులవారు ఆ మాట కొత్తగా కనిపెట్టలేదు. మన భాషే ఆయనకు అందించింది. వంత పాడటమంటే తెలుగులో ముఖస్తుతి. తాళం వేయడమంటే తలూపడం. బాకా ఊదడమంటే భజన చేయడం. డప్పు కొట్టడమంటే లేని గొప్ప చాటడం. తానా అంటే తందానా అనేవాడు సొంత బుద్ధి లేనివాడు. ముందు నిలబడి పాడేవాడి పక్కన ఎవరు ఏ పని చేసినా దాన్ని తిట్టుగా మార్చుకున్న భాష మనది. డప్పు ఎవరి చేతిలో ఉండేదో, మేళంలో తాళం ఎవరి చేతిలో ఉండేదో గుర్తు తెచ్చుకుంటే ఈ తిట్ల వెనకున్న కులమూ కనిపిస్తుంది, జెండరూ కనిపిస్తుంది. ఒకసారి బుర్రకథలో వంతల్ని తీసేసి చూడండి. కథకుడు ఊపిరి తీసుకోవడానికి కూడా సందు దొరకదు.

పేరు లేని పని ఎంత పెద్దదో తెలియాలంటే బేస్ గిటార్ సంగతి చూడాలి. నాలుగు లావు తీగలు. పాటలో అన్నిటికన్నా కిందుండే స్వరం దానిది. డ్రమ్ము వేసే దెబ్బనీ గొంతు పాడే రాగాన్నీ కలిపి కట్టేది అదే. చిన్న ట్రాన్సిస్టర్‌లో అది దాదాపు వినిపించదు. కానీ దాన్ని తీసేస్తే పాట గాలిలో వేలాడుతుంది. అమెరికాలో 1960ల నాటి సోల్, పాప్ పాటల్ని ఇలా కింది నుంచి మోసినవాళ్ళు గంటల లెక్కన స్టూడియోకి వచ్చి వాయించి వెళ్ళే సెషన్ కళాకారులు. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ నల్లజాతి మనిషి. ఆ పాటలు ప్రపంచమంతా తిరిగాయి. ఆ వాద్యబృందం పేర్లు మాత్రం 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బంతో గానీ మోటౌన్ అట్ట మీదకు ఎక్కలేదు. జేమర్సన్ 47 ఏళ్ళకే 1983లో చనిపోయాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ని తలుచుకున్నది 2000లో.

అదే కాలంలో లాస్ ఏంజెలెస్‌లో కేరల్ కే అనే స్త్రీ ఉంది. 1935లో పుట్టింది. క్లబ్బుల్లో జాజ్ గిటార్ వాయిస్తూ పిల్లల్నీ తల్లినీ పోషించుకునేది. 1963లో ఒక రికార్డింగుకి బేస్ వాయించేవాడు రాకపోతే ఆ గిటారు తను అందుకుంది. ‘పెట్ సౌండ్స్’ ఆల్బం, ‘విచిటా లైన్‌మ్యాన్’ పాట, ‘మిషన్ ఇంపాజిబుల్’ సంగీతం... ఆమె వాయించిన సెషన్లు పదివేల దాకా ఉంటాయని అంచనా. గది నిండా మగవాళ్ళు, మధ్యలో ఆమె. 2025లో, తొంభై ఏళ్ళ వయసులో, హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెకు గౌరవం ప్రకటిస్తే ఆమె రానంది. స్టూడియో కళాకారుల పనిని ఆ వేడుక ప్రతిబింబించదంది. తమ బృందానికి తర్వాతెప్పుడో తగిలించిన ‘రెకింగ్ క్రూ’ అనే పేరు కూడా తమది కాదంది. ఈ నిరాకరణ దగ్గరికి మళ్ళీ వస్తాను.

బేస్ గిటార్ ఇల్లాలు లాంటిదని, కనిపించకుండా ఇంటిని మోస్తుందని ఎవరైనా కవిత రాసేలోపే ఒక మాట. దయచేసి వద్దు. ఇది త్యాగం గురించిన సంగతి కాదు. కూలి, హక్కు, పేరు గురించిన సంగతి.

మన దగ్గరికి వద్దాం. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ పెట్టి సినిమా తీసేనాటికి నటులే పాడుకోవాలి. వాద్యాలు కెమెరాకి కనబడకుండా పక్కన దాగి వాయించాలి. నేపథ్యగానం వచ్చాక గాయనికి పేరొచ్చింది. దాగినవాళ్ళు మాత్రం దాగినచోటే ఉండిపోయారు. ఇంతలో పరిశ్రమ మద్రాసులో స్థిరపడింది. గోదావరి ఊళ్ళనుంచి వేషాల కోసం వెళ్ళినవాళ్ళ కథలు మనకు బోలెడు తెలుసు. కోరస్ పాడటానికి వెళ్ళిన ఆడపిల్లల కథలు?

నాకు ఒకరి కథ తెలుసు. వరసకు పెద్దమ్మ. రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. తండ్రి పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. ఆయనతో మద్రాసు వెళ్ళి పన్నెండేళ్ళు కోరస్ పాడింది. ఒక మైకు చుట్టూ ఆరుగురు, ఎనిమిది మంది అమ్మాయిలు. గాయనీ గాయకులు, వాద్యబృందం, కోరస్ అంతా ఒక్కసారే రికార్డు కావాలి. ఎవరు తప్పు చేసినా అందరూ మొదటికి రావాలి. ‘పేరున్నవాళ్ళు తప్పితే మళ్ళీ టేక్. మేం తప్పితే మర్నాటికి పిలుపుండదు’ అంది. అన్ని పాటల్లో తన పేరు ఎక్కడైనా ఉందా అని అడిగితే, ‘ఎందుకు లేదే, వోచర్ మీద ఉండేది, సంతకం పెట్టి డబ్బులు తీసుకునేదాన్నిగా’ అని నవ్వింది. ఆ కూలి డబ్బయినా సరిగా అందిందంటే అది ఎవరి దయా కాదు. చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ లాంటివాళ్ళు మద్రాసులో సినీ సంగీతకారులకు సంఘం కట్టి పోరాడబట్టి.

వెనక వరసలోంచి ముందుకు రావడానికి దారే లేదనను. ఎల్.ఆర్. ఈశ్వరి తల్లి కోరస్ గాయని. ఈశ్వరి కూడా ‘మనోహర’ (1954) నాటికి కోరస్‌లోనే ఉంది. అయితే ఆ దారి గొంతుకే. వాద్యం పట్టుకున్న చేతికి దారి ఎవరికుందో చూడండి. మన ప్రాంతం వీణకు పుట్టినిల్లు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి జెమినీ స్టూడియోలో పనిచేశారు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు ఏళ్ళ తరబడి సినిమా వాద్యబృందంలో వీణ వాయించి, అక్కడినుంచి కచేరీ వేదిక ఎక్కారు. ఇద్దరూ మహానుభావులే, సందేహం లేదు. కానీ అదే కాలంలో ఈ డెల్టాలో వీణ నేర్చిన ఆడపిల్లలు ఎంతమంది! సరస్వతి చేతిలో వీణ పెట్టిన సంస్కృతి ఆ పిల్ల చేతిలో ఎన్నాళ్ళుంచింది? పెళ్ళిచూపుల్లో ఒక వర్ణం. తర్వాత వీణ అటక మీదకి, పిల్ల వంటింట్లోకి. ఆడదానికి గొంతుండొచ్చు, అదీ మర్యాదగా ఉన్నంతకాలం. వాద్యం మాత్రం వృత్తి. వృత్తి మగవాడిది.

ఈ ‘మర్యాద’ దగ్గరే అసలు చిక్కుంది. పెద్దమ్మ గురించి రాస్తానంటే ఏమందో తెలుసా? ‘రాసుకో గానీ నా పేరు మాత్రం వద్దే అమ్మాయ్. కోడలికి తెలీదు. వియ్యాలవారికి అసలే తెలీదు. మెడ్రాసులో మిషను కుట్టేదాన్నని చెప్పుకున్నాం ఇన్నాళ్ళూ.’ అందుకే ఇక్కడ ఆమె పేరు లేదు. పేర్లు కావాలని కొట్లాడుతున్న ఈ వ్యాసంలో నాకు బాగా తెలిసిన ఒక్క పేరూ రాయలేకపోవడం నన్ను బాధిస్తూనే ఉంది.

ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో కోనసీమలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మురమండ, మండపేట, పెద్దాపురం మేళాల్లో అభినయం పట్టేవారి వెనక నిలబడి పాడిందీ తాళం వేసిందీ కళావంతుల స్త్రీలే. 1947 చట్టం వచ్చాక, సంస్కరణ పేరుతో ఆ వృత్తి మూతబడ్డాక, వాళ్ళ విద్య శాస్త్రీయ కళగా పేరు మార్చుకుని వేరే ఇళ్ళకు చేరింది. వాళ్ళ పిల్లలు మాత్రం ఇంటిపేర్లు దాచుకుని బతకాల్సి వచ్చింది. ఆడది పాడి డబ్బు తీసుకుంటే ఊరు ఏ మాట అంటుందో ఆ చరిత్ర నేర్పింది. పెద్దమ్మ ఏ కులంలో పుట్టినా ఆ మాట ఆమె మీద పడటానికి సిద్ధంగానే ఉంది. కాబట్టి వాద్యబృందంలోని మగవాడి పేరు లేకపోవడం, కోరస్ అమ్మాయి పేరు లేకపోవడం ఒకటే అన్యాయం కాదు. అతని పేరును పరిశ్రమ ఒక్కటే మింగింది. ఆమె పేరును పరిశ్రమతో పాటు ఇల్లు కూడా మింగింది.

‘చూశారా, వాళ్ళే వద్దంటుంటే మీరెందుకు?’ అనేవాళ్ళుంటారు. కేరల్ కే కూడా వద్దంది. కానీ ఆమె పిలుపు అందుకుని, అది తన పనికి తగినది కాదని తిప్పికొట్టింది. ఎవరో పెట్టిన పేరు వద్దని సొంత పేరు నిలబెట్టుకుంది. పెద్దమ్మకు ఎవరు ఏమిచ్చారని తిప్పికొట్టడానికి? పేరు వేయించుకునే హక్కు ముందు ఉంటేనే పేరు దాచుకోవడం కూడా హక్కవుతుంది. అది లేనప్పుడు దాచుకోవడం కేవలం భయం.

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. కాపీరైటు చట్టంలోకి 1994 సవరణతో ప్రదర్శకుల హక్కులు వచ్చాయి. 2012 సవరణ, ప్రదర్శకులను ఫలానా వారని గుర్తించి తీరాలన్న నైతిక హక్కును కూడా చేర్చింది. బాగానే ఉంది. కానీ ఆ సవరణే ఒక మెలిక పెట్టింది. సినిమాలో ఎవరి ప్రదర్శన ఆనుషంగికమైనదో, పరిశ్రమ వాడుక ప్రకారం ఎవరి పేరు టైటిల్స్‌తో సహా ఎక్కడా వేయరో, వాళ్ళు ప్రదర్శకులే కారు. తమ ప్రదర్శనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు ఒక్కటి మిగులుతుంది. పేరు అడిగే హక్కు పోతుంది. అంటే ఇన్నాళ్ళూ నీ పేరు వేయలేదు కాబట్టి ఇక ముందూ వేయక్కర్లేదట! అన్యాయం పాతబడితే వాడుక, వాడుకను రాసిపెడితే చట్టం. కోరస్ ఆనుషంగికమా కాదా అని తేల్చేది ఎవరు? పాడినవాళ్ళు మాత్రం కారు. 2013లో గాయకుల హక్కుల సంఘం నమోదైంది. దాని పేరులో మ్యుజీషియన్ల మాట చేరింది ఆ తర్వాతెప్పుడో.

‘వందమంది వాయిస్తారు, ఎంతమందికని వేస్తాం?’ అన్నది పాత సాకు. ఇవాళ్టి సినిమా చివర భోజనాలు పెట్టినవాళ్ళ నుంచి డ్రోన్ ఎగరేసినవాళ్ళ దాకా పేర్లు పడుతున్నాయి, పడాలి కూడా. ఏ.ఆర్. రెహమాన్ క్యాసెట్ల రోజుల్లోనే బేస్ కీత్ పీటర్స్, వేణువు నవీన్ అంటూ అట్ట మీద వేశాడు. మూడు అంగుళాల క్యాసెట్ అట్ట మీద పట్టిన పేర్లు ఇవాళ్టి ఫోను తెర మీద పట్టవా?

మళ్ళీ ఆ నవ్వినవాళ్ళతోనే నా మాట. ‘చిన్నారి పాపలు’ (1968) సావిత్రి దర్శకత్వం, పి. లీల సంగీతం అని మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి. ఆ సినిమాకు కోరస్ పాడిన ఆడవాళ్ళెవరని ఎప్పుడైనా అడిగామా? సాయుధ పోరాటంలో అన్నం మోసిన, ఉత్తరాలు మోసిన స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి ‘మనకు తెలియని మన చరిత్ర’ను 1986లో తెచ్చుకున్నవాళ్ళం. నాయకుల ఉపన్యాసాలు మాత్రమే చదివి ఉంటే ఆ పుస్తకం వచ్చేదా? పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం కవి ఉపన్యాసం విని తిరిగొచ్చేస్తున్నాం. కవి ఏమన్నాడో తేల్చడానికి పదకొండు పత్రాలు రాసినవాళ్ళం, పన్నెండో పత్రం కోసం ఒక్క రికార్డర్ పట్టుకుని ఒక్క ముసలావిడ దగ్గర కూర్చోలేమా? నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలో ఎం.ఏ. చదివే అమ్మాయిల్లో ఎంతమంది ఇళ్ళల్లో ‘మెడ్రాసులో మిషను కుట్టిన’ అమ్మమ్మలున్నారో ఎవరికి తెలుసు?

వెళ్ళి అడుగుదాం. పేరు వేయమంటే వేద్దాం, వద్దంటే మానేద్దాం, ఆ నిర్ణయం వాళ్ళదే. ఆ మెలికను చట్టంలోంచి తీసేయమని రాతపూర్వకంగా అడుగుదాం. త్వరగా చేయాల్సిన పని ఇది. మా పెద్దమ్మకు ఎనభై దాటాయి. ఆ మైకు చుట్టూ నిలబడిన ఎనిమిది మందిలో తనకు తెలిసి మిగిలింది ముగ్గురేనని చెప్పింది.