మూడో చీలిక దగ్గర ఆగిపోతున్నాం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనే అనుకున్నాను. కానీ పప్పుచారు, దోమలు, తెల్లవారుజామున ప్రేయర్ బెల్లు గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకే నన్ను తల దించుకునేలా చేసిన ఒక ప్రశ్న గురించి రాస్తున్నాను.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి సంవత్సరం. ప్రాక్టికల్స్ వైవాలో సార్ అడిగారు: "కాంతి రెండు చీలికల గుండా వస్తే చీకటి పట్టీ ఎక్కడ పడుతుంది?"

"పథభేదం సగం తరంగదైర్ఘ్యం ఉన్న చోట సార్" అని ఠక్కున చెప్పాను.

"మూడు చీలికలు పెడితే?"

"అక్కడే సార్."

ఆయన తిట్టలేదు. "బొమ్మ గీసి చూడు బాబూ" అన్నారు. నాకు గీయడం రాలేదు. ఇంటర్లోనూ డిగ్రీలోనూ ఆ పాఠం మీద నేను ఒక్క మార్కు పోగొట్టుకోలేదు. అయినా ఒక్క చీలిక పెరిగేసరికి నా చదువు ఆగిపోయింది.

మిత్రులారా, ఆ బొమ్మ చాలా తేలిక. తొమ్మిదో తరగతి తమ్ముడు కూడా గీయగలడు. ఒక్కో చీలిక నుంచి వచ్చే కాంతికి ఒక్కో బాణం గీయండి. అన్నీ ఒకే పొడవు. ఒక చీలిక నుంచి వచ్చే కాంతి పక్క చీలిక కాంతి కంటే సగం తరంగదైర్ఘ్యం ఎక్కువ దూరం నడిస్తే, దాని బాణం సరిగ్గా వెనక్కి తిరుగుతుంది. రెండు చీలికలైతే ఒక బాణం ముందుకు, ఒకటి వెనక్కి. రెండూ కొట్టుకుపోయి చీకటి మిగులుతుంది. అదే మూడు చీలికలైతే ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు. రెండు కొట్టుకుపోయినా ఒకటి మిగిలే ఉంటుంది. అంటే అక్కడ చీకటి లేదు, చిన్న వెలుగు ఉంది! మూడు బాణాలూ ఒకే వైపు చూసే చోట మొత్తం పొడవు 3. వెలుగు ఆ పొడవు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 9. ఇక్కడ మిగిలింది 1. అంటే పెద్ద వెలుగులో తొమ్మిదో వంతు.

మరి చీకటి ఎక్కడ? బాణాలను ఒకదాని కొసకు మరొకటి తగిలించుకుంటూ పోతే, చివరి బాణం మొదలుపెట్టిన చోటికే తిరిగి వచ్చే చోట. మూడు బాణాలు త్రిభుజం అయితే చీకటి. అంటే పథభేదం తరంగదైర్ఘ్యంలో మూడో వంతు, లేదా మూడింట రెండు వంతులు ఉన్నప్పుడు. నాలుగు చీలికలైతే నాలుగో వంతు, సగం, ముప్పావు దగ్గర. ఇలా చీలికలు ఎన్ని ఉంటే, రెండు పెద్ద వెలుగుల మధ్య చీకట్లు అంతకు ఒకటి తక్కువ, చిన్న వెలుగులు రెండు తక్కువ. పెద్ద వెలుగులు మాత్రం ఉన్న చోటే ఉంటాయి. చీలికల మధ్య దూరం ఇంటూ సైన్ తీటా సమానం ఎన్ లామ్డా అనే సూత్రం మారదు. చీలికలు పెరిగే కొద్దీ పక్కనున్న చీకటి దగ్గరికి జరిగి, ఆ వెలుగు సన్నగా, పదునుగా అవుతుంది. మనం బట్టీ పట్టిన రెండు చీలికల పాఠం ఈ మొత్తంలో మొదటి మెట్టు మాత్రమే.

దీనికి ల్యాబ్ అక్కర్లేదు. పాత సీడీ ఒకటి, ఎర్ర లేజర్ పెన్ను ఒకటి చాలు. సీడీ మీద ట్రాకుల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, అంటే 1,600 నానోమీటర్లు. లేజర్ తరంగదైర్ఘ్యం సుమారు 650 నానోమీటర్లు. గోడకు ఆనించి లేజర్ పట్టుకుని, మీటరు దూరంలో గోడకు ఎదురుగా నిలబెట్టిన సీడీ మీదికి నిటారుగా వేయండి. 650ని 1,600తో భాగిస్తే 0.406. ఆ సైన్ విలువకు కోణం 24 డిగ్రీలు. గోడ మీద నడిమి చుక్కకు 44 సెంటీమీటర్ల దూరంలో మరో చుక్క కనబడాలి. స్కేలు పెట్టి కొలవండి. లెక్క, గోడ ఒకే మాట చెప్పినప్పుడు కలిగే ధైర్యం ఏ గైడులోనూ దొరకదు. ఒక్క జాగ్రత్త: లేజర్‌ను గానీ, సీడీ మీద పడి తిరిగొచ్చే వెలుగును గానీ ఎవరి కంట్లోనూ పడనివ్వకండి.

ఈ బహుళ చీలికల విద్యను ముందుకు తెచ్చినవాళ్ళలో జర్మనీకి చెందిన జోసెఫ్ ఫ్రౌన్‌హోఫర్ ఒకడు. 1787లో అద్దాల పనివాడి ఇంట పుట్టాడు. పదకొండేళ్ళకే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకుని అద్దాల దుకాణంలో పనికి కుదిరాడు. యజమాని చదువుకోనిచ్చేవాడు కాదు. 1801లో ఆ ఇల్లు కూలి శిథిలాల కింద చిక్కుకుని బతికి బయటపడ్డాడు. అప్పుడు ఆ రాజ్యపు పాలకుడు కొంత డబ్బు, పుస్తకాలు ఇప్పించాడు. ఆ కుర్రాడే 1821లో 260 సన్నని తీగలను పక్కపక్కన బిగించి గ్రేటింగ్ తయారుచేసి కాంతి తరంగదైర్ఘ్యాలు కొలిచాడు. 39 ఏళ్ళకే చనిపోయాడు. "హాస్టల్ పిల్లలకు ఫిజిక్స్ ఎక్కడ వస్తుంది" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

"ఎంట్రన్సులో మూడు గంటల్లో 160 ప్రశ్నలు చేయాలన్నా, బొమ్మలు గీస్తూ కూర్చుంటే ఎట్లా?" అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. సూత్రాలు గుర్తుండాలి, బిట్లు చేయాలి, కాదనను. కానీ ప్రశ్నలో ఒక్క అంకె మారినప్పుడు బట్టీ పట్టినవాడు ఆగిపోతాడు, బొమ్మ తెలిసినవాడు అర నిమిషంలో దారి వెతుక్కుంటాడు. పైగా మన సంగతి వేరు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. ఇంటికెళ్ళి అర్థం కాలేదంటే చెప్పేవాళ్ళు లేరు. మీలో చాలామందిదీ ఇదే పరిస్థితి. మనకు అడగడానికి దొరికే చోటు ఈ స్టడీ అవర్ ఒక్కటే. దాన్ని కూడా పైకి చదివి అప్పజెప్పడానికే వాడుకుంటే మనకు మనమే అన్యాయం చేసుకున్నట్టు.

అందుకే నా విన్నపాలు మూడు. వార్డెన్ గారూ, ట్యూటర్ గార్లూ, వారంలో ఒక్క స్టడీ అవర్‌ను ప్రశ్నలకు వదిలేయండి. ఆ గంటలో పుస్తకం అప్పజెప్పించొద్దు. రెండోది, పాత సీడీలు, అద్దాలు, అయస్కాంతాలు, లేజర్ పెన్ను ఉన్న ఒక అట్టపెట్టె హాస్టల్లో ఉండాలి. మూడోది మనకే, పూర్వ విద్యార్థులకు. వార్షికోత్సవానికి వచ్చి శాలువాలు కప్పించుకుని వెళ్తున్నాం. ఒక ఆదివారం వచ్చి ఒక పాఠం చెబుదాం. వచ్చే నెల రెండో ఆదివారం నేను వస్తాను. సీడీ, లేజర్ నేనే తెస్తాను.

తమ్ముళ్ళూ, మీరు స్కేలు తెచ్చుకోండి. ఐదు చీలికలకు చీకటి ఎక్కడో గీసి ఉంచండి, వచ్చాక చూస్తాను.

— ఒక పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (ఫిజిక్స్)