నీడల బొమ్మల్లో గుమాస్తాలు

ఈ నెల మా శీర్షికలో హత్యలున్నవి. కుటుంబ పత్రికలో హత్యల ముచ్చటేమిటని పెద్దలు పత్రిక మడిచి పక్కన పెట్టకముందే ఒక మనవి. మేము చెప్పబోయే బొమ్మల్లో నెత్తురు బహు తక్కువ. ఆఫీసు బల్లలు, జమాఖర్చు పుస్తకాలు, ఇన్సూరెన్సు కాగితాలు బహు ఎక్కువ. మనలో చాలామందిమి నెల మొదటి తారీఖు కోసం ఎదురుచూసే వాళ్ళమే గనుక, ఇవి అమెరికా బొమ్మలైనా మనకు అంత దూరపువి కావు.

అపరాధ పరిశోధన అనగానే మన ఇళ్ళలో కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ జ్ఞాపకం వస్తాడు. తెలుగుదేశానికి దూరంగా వున్న మన కుటుంబాలలో తెలుగు చదవడం నిలిచిందంటే అందుకు భారత భాగవతాలు ఎంత కారణమో, దిండు కింద దాచుకుని చదివిన డిటెక్టివు నవలలూ అంతే కారణమని మా నమ్మకం. ఆ నవలల పద్ధతి అందరికీ తెలిసినదే. హంతకుడెవరో చివరి ప్రకరణం దాకా తెలియదు. తెలిసిన తరువాత పుస్తకం మూసి హాయిగా నిద్రపోవచ్చు. కాని 1940ల నుంచి పదిహేనేళ్ళ పాటు అమెరికాలో తయారైన ఒక జాతి నలుపు తెలుపు బొమ్మలలో ఈ వరుస తలకిందులైంది. కొన్నింటిలో నేరం చేసినవాడే మొదట వచ్చి కూర్చుని, చేసింది నేనేనని చెప్పేస్తాడు. ఇక చూడవలసింది ఎవరు చేశారని కాదు, ఇంత మామూలు మనిషి అక్కడిదాకా ఎట్లా జారాడని.

ఈ బొమ్మలకు పేరు పెట్టినవారు అమెరికావారు కారు. యుద్ధకాలంలో జర్మనుల ఏలుబడిలో వున్న ఫ్రాన్సుకు హాలీవుడ్ బొమ్మలు రాలేదు. యుద్ధం ముగిశాక అన్నీ ఒక్కసారిగా వచ్చిపడినవి. వాటిని వరుసగా చూసిన నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు 1946లో వాటిని ‘ఫిల్మ్ నువార్’ అన్నాడు. నువార్ అంటే నలుపు. యానాంలోని మన బంధువులకు ఈ మాట మేము విడమరచి చెప్పనక్కరలేదు. తీసినవాళ్ళు మాత్రం తాము ఏవో నేరాల కథలు తీస్తున్నామనుకున్నారే గాని, ఇదొక జాతి అని వారికి తోచలేదు.

ఆ తీసినవాళ్ళలో పలువురు వలస వచ్చినవారు. బిల్లీ వైల్డర్, ఫ్రిట్జ్ లాంగ్ ఇద్దరూ హిట్లరు గద్దెనెక్కిన 1933లోనే జర్మనీ వదలిపెట్టి, పారిస్ మీదుగా అమెరికా చేరారు. 1920ల జర్మను మూగచిత్రాలలో గోడల మీద పెద్ద పెద్ద నీడలు పరచడం ఒక అలవాటు. మన ముత్తవ్వలు ఊరు వదలి వచ్చేటప్పుడు ఆవకాయ జాడీ తెచ్చుకున్నట్టు వీరు ఆ నీడలను వెంట తెచ్చుకున్నారు.

నీడ అంటే ఏమిటో కొంచెం చెప్పవలసి వున్నది. స్టూడియోలో ఒక మనిషిని ఫొటో తీయడానికి మామూలుగా మూడు దీపాలు పెడతారు. మొదటిది ముఖం మీద పడే అసలు దీపం. రెండవది, దానివల్ల ముక్కు పక్కన, గడ్డం కింద ఏర్పడే నీడలను చెరిపివేసే మెత్తటి దీపం. మూడవది వెనుకనుంచి వెలిగి, మనిషిని గోడనుంచి విడదీసి చూపుతుంది. ఈ రెండవ దీపాన్ని బాగా తగ్గించడమో, ఆర్పివేయడమో చేస్తే చాలు, సగం ముఖం చీకటి అవుతుంది. కరెంటు పోయిన రాత్రి వంటింట్లో ఒక్క లాంతరు పెట్టుకుని కూర్చున్నప్పుడు, రోజూ చూసే సొంత తమ్ముడి ముఖమే కొత్తగా కనిపించదూ? ఇదీ అంతే. మంచివాడికొక వెలుగు, చెడ్డవాడికొక నీడ అని పంచిపెట్టకుండా ఒకే ముఖం మీద రెండూ వేయడం వీరి పద్ధతి.

ఇందుకు మేము పదే పదే చూసిన బొమ్మ ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944). జేమ్స్ ఎం. కెయిన్ నవలను వైల్డరు, రేమండ్ చాండ్లరు కలిసి చిత్రకథగా రాశారు. వాల్టర్ నెఫ్ ఒక ఇన్సూరెన్సు ఏజెంటు. అర్ధరాత్రి దాటాక, భుజంలో తుపాకిగుండుతో, నిర్మానుష్యంగా వున్న ఆఫీసులోకి వచ్చి, ఉత్తరాలు చెప్పి రికార్డు చేసుకునే యంత్రం ముందు కూర్చుని తన నేరం చెప్పడం మొదలుపెడతాడు. చచ్చిపోబోయేవాడు కూడా ఆఫీసు మెమో ధోరణిలోనే మాట్లాడడం మాకు నవ్వూ తెప్పించింది, వణుకూ తెప్పించింది. ఫిలిస్ అనే ఇల్లాలికి భర్త అడ్డు తొలగాలి. నెఫ్ ఆ భర్త చేత, అది మరో కాగితమని నమ్మించి, ప్రమాద బీమా మీద సంతకం చేయించుకుంటాడు. పాలసీ యాభై వేల డాలర్లు. రైలు ప్రమాదంలో పోతే దానికి రెట్టింపు. కాలు విరిగి కర్రల మీద నడిచే ఆ భర్తను కారులో చంపి, నెఫ్ తానే కర్రలు పట్టుకుని అతనిలా రైలెక్కి దూకేస్తాడు. శవాన్ని పట్టాల మీద పెడతారు.

ఛాయాగ్రాహకుడు జాన్ సైట్జ్ ఈ బొమ్మకు చేసిన పని చూడాలి. ఫిలిస్ ఇంటి హాలులో కిటికీకి అడ్డుపలకల తెరలుంటాయి. మధ్యాహ్నపు ఎండ వాటిలోంచి చారలు చారలుగా పడుతుంది. ఆ చారల మధ్య దుమ్ము తేలుతూ కనిపించాలని ఆయన అల్యూమినియం పొడిని గాలిలోకి ఊదించాడట. ఆ చారలు నెఫ్ కోటు మీద పడగా, జైలు ఊచల్లా వున్నాయని విమర్శకులందరూ రాశారు. నిజమే గాని, ఆ దుమ్మే మాకు ఎక్కువ నచ్చింది. పనిమనిషి వున్న ఇల్లే. అయినా లోపల ఏదో చాలాకాలంగా తుడవకుండా వదిలేసినట్టు వుంటుంది.

ఇంత చీకటి నేర్చిన మనిషి, అసలు భయమేసే ఘట్టాన్ని పచారీ దుకాణంలో పెట్టాడు. డబ్బాలు బారులు తీర్చిన అరల మధ్య, అందరూ తిరుగుతున్న వెలుతురులో, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, సరుకులు ఏరుతున్నట్టు నటిస్తూ ఇద్దరూ హత్య సంగతి మాట్లాడుకుంటారు. నీడ లేకపోయినా నీడల బొమ్మ తీయవచ్చునని ఇది చూశాకే మాకు తెలిసింది.

ఇంకొక చోట, శవాన్ని పట్టాల మీద పెట్టి తిరిగి వచ్చి కారు ఎక్కితే అది స్టార్టు కాదు. ఒకసారి, రెండుసార్లు, గుర్రుమని ఆగిపోతుంది. అప్పుడు చూసేవాడు ఏం చేస్తాడు? స్టార్టు కావాలని లోలోపల మొక్కుకుంటాడు! మేమూ మొక్కుకున్నాము. దేవుడి పటం ముందు రోజూ దీపం పెట్టే మా ఇంటావిడ కూడా చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నది. ఒక పెద్దమనిషిని చంపివచ్చిన వాళ్ళ పక్షాన మనం ఎప్పుడు చేరామో మనకే తెలియదు.

వీళ్ళను పట్టేది పోలీసు కాదు. క్లెయిముల శాఖలో పనిచేసే బార్టన్ కీస్ అనే పొట్టి మనిషి. సిగారు నోట్లో పెట్టుకుంటాడు గాని అగ్గిపెట్టె ఎప్పుడూ వుండదు. నెఫ్ బొటనవేలి గోటితో పుల్ల గీసి వెలిగించి పెడుతుంటాడు. ఇది ఆత్మహత్య కాబోలు, డబ్బు ఇవ్వనక్కరలేదని పై అధికారి అంటే, కీస్ ఆత్మహత్యల పట్టికలన్నీ గుక్కతిప్పుకోకుండా ఏకరువు పెడతాడు: వృత్తిని బట్టి, ఋతువును బట్టి, ఏ వేళను బట్టి, ఏ విషాన్ని బట్టి ఎంతమంది అని. గంటకు పదిహేను మైళ్ళ వేగంతో పోయే రైలు వెనుకనుంచి దూకి చావాలనుకున్నవాడు ఆ పట్టికల్లో ఒక్కడూ లేడు. పై అధికారి నోరు మూతపడుతుంది. లెక్కలు తెలిసిన కిందివాడు లెక్కలు తెలియని పైవాడికి జవాబు చెప్పే ఇటువంటి ఘట్టం సినిమాల్లో మరొకటి మేము చూడలేదు.

ఆ తరువాత కీస్‌కు తిన్నది అరగదు. అనుమానం వస్తే ఆయనకు కడుపులో బాధ. ప్రమాద బీమా వున్న మనిషికి కాలు విరిగితే ఆ కాలికి క్లెయిము ఎందుకు పెట్టలేదు? బీమా వున్నదని ఆయనకే తెలియదేమో! తుపాకి లేదు, వేలిముద్ర లేదు. రావలసిన కాగితం ఒకటి ఫైలులో లేదు, అంతే. ఫైళ్ళతో పనిచేసే వారెవరైనా ఇక్కడ కుర్చీలో కొంచెం ముందుకు జరుగుతారు. ఇంత పట్టుకున్నవాడు నెఫ్‌ను మాత్రం అనుమానించడు. రోజూ ఎదుటి బల్ల దగ్గర కూర్చుని తన సిగారు వెలిగించే మనిషి గదా. వైల్డరు చివరికి నెఫ్‌ను విషవాయువు గదిలో చంపే ఘట్టం కూడా తీసి, అక్కరలేదని తొలగించాడు. కూలబడిన నెఫ్ సిగరెట్టుకు కీస్ అగ్గిపుల్ల వెలిగించడంతో బొమ్మ ఆగుతుంది.

కీస్‌గా వేసిన ఎడ్వర్డ్ జి. రాబిన్సనే మరుసటి సంవత్సరం లాంగ్ తీసిన ‘స్కార్లెట్ స్ట్రీట్’ (1945)లో దొంగ కేషియరుగా వేశాడు. క్రిస్టఫర్ క్రాస్ ఒకే సంస్థలో పాతికేళ్ళు నమ్మకంగా కొలువు చేసినవాడు. అందుకు విందు ఇచ్చి బంగారు గడియారం బహూకరిస్తారు. ఇంట్లో కుచ్చుల ఏప్రాను కట్టుకుని గిన్నెలు తోముతాడు. భార్య మొదటి మొగుడి పటం గోడ మీద నుంచి ఉరిమి చూస్తుంటుంది. ఆదివారం స్నానాలగదిలో దాక్కుని బొమ్మలు వేసుకుంటాడు. కిట్టీ అనే అమ్మాయి అతన్ని డబ్బున్న చిత్రకారుడనుకుంటుంది; కాదని అతను చెప్పడు. ముందు భార్య బాండ్లు, తరువాత ఆఫీసు సొమ్ము. కటకటాల గదిలాంటి క్యాషు కౌంటరులో కూర్చున్న అతన్ని చూపిన తీరు చూస్తే, జైలుకు వేరే పోనక్కరలేదనిపిస్తుంది. యజమాని అతన్ని పోలీసులకు అప్పగించడు, వెళ్ళిపొమ్మంటాడు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పకుండా వుండలేము. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో కేషియరు గారి లెక్కలో సొమ్ము తగ్గింది. కూతురి పెళ్ళికి వాడుకున్నారు, సర్దుదామనుకున్నారు, సర్దలేకపోయారు. ఆయన చేతా రాజీనామా రాయించుకుని పంపేశారు. తరువాత చాలాకాలం సాయంత్రం పూట బస్సుస్టాపులో కనిపించేవారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు, ఎప్పటిలాగే. మమ్మల్ని చూసి మిగతా విషయాలేవీ అడగరు, “ఏం నాయనా, ఈ నెల క్యాషు ట్యాలీ అయిందా?” అనేవారు. అయిందండీ అనేవాళ్ళము. క్రాస్ చివరి రోజుల్లో బస చేసిన గదిలో వీధి బయటి నియాన్ దీపం వెలుగుతూ ఆరుతూ వుంటే, చచ్చినవాళ్ళ గొంతులు చెవిలో వినబడుతుంటాయి. ఆ ఘట్టంలో మాకు మాత్రం ఆయన గొంతు వినిపిస్తుంది.

క్రాస్ కిట్టీని చంపుతాడు. ఆ నేరానికి మరొకడికి మరణశిక్ష పడుతుంది. అసలువాణ్ణి చట్టం ముట్టుకోలేదని 1946లో న్యూయార్కు రాష్ట్రపు సెన్సారువారు, అట్లాంటా, మిల్వాకీ నగరాలవారు ఆ బొమ్మను నిషేధించారు. వారు బొమ్మ చివరిదాకా చూశారో లేదో! తాను గీసిన కిట్టీ పటం పదివేల డాలర్లకు అమ్ముడై తన పక్కనుంచే మోసుకుపోతుంటే, అది నాదని చెప్పడానికి నోరులేని ముష్టివాడిగా అతను నడిచిపోతాడు.

ఈ నీడలు మన దేశానికీ వచ్చినవి. బొంబాయిలో గురుదత్ నిర్మించగా రాజ్ ఖోస్లా తీసిన ‘సి.ఐ.డి.’ (1956) మైసూరులో పుట్టిన వి.కె. మూర్తి ఛాయాగ్రహణం. మన ‘రోజులు మారాయి’ (1955)లో నాట్యం చేసిన వహీదా రెహమాన్‌కు హిందీలో అది మొదటి బొమ్మ. అందులో ఆమెది ముఠావాళ్ళతో చేరిన స్త్రీ పాత్ర. అయితే చివరికి ఆమె నాయకుడికే సాయపడుతుంది. ఫిలిస్ వంటి స్త్రీని ఫిలిస్‌గా వదిలిపెట్టడానికి మనవాళ్ళకు మనసొప్పలేదు. అది లోపమని మేమనము, పాటలు బాగున్నవి.

పాటలు లేకుండానే చెన్నపట్నంలో ఒక బొమ్మ తీశారు. వీణావాదకుడు ఎస్. బాలచందర్ ఏవీఎం వారికి దర్శకత్వం వహించిన ‘అంద నాళ్’ (1954). కథ 1943లో జపాను విమానం ఈ పట్నం మీద బాంబులు వేసిన రోజులది. బొమ్మ మొదలవుతూనే తుపాకి పేలుతుంది, నాయకుడు శివాజీ గణేశన్ కుప్పకూలుతాడు. అతనొక రేడియో ఇంజనీరు. ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు తలొక కథ చెబుతారు. కురొసావా ‘రషొమాన్’ (1950) చూపిన దారి అది. ఒక్కొక్కరి కథలో శివాజీ ముఖం మీద మారుతీరావు గారు దీపాన్ని ఒక్కొక్క వైపు నుంచి వేశారు. చదువూ తెలివీ వుండి, దానికి ఆదరణ దొరకని ఉద్యోగస్తుడు ఏ దారి పట్టగలడో అందులో వున్నది. మొదటి విడుదలలో డబ్బు రాలేదు. పాటల కోసం టిక్కెట్టు కొన్నవారిని తప్పుపట్టనూ లేము.

చూడదలచినవారు ‘డబుల్ ఇండెమ్నిటీ’తో మొదలుపెట్టండి, నూట ఏడు నిమిషాలు. ట్యూబులైటు ఆర్పివేయండి. అది వెలుగుతుంటే సైట్జ్ గారి అల్యూమినియం పొడి కనపడదు. ‘స్కార్లెట్ స్ట్రీట్’ మాత్రం నెలాఖరులో, లెక్కలు మూసే రోజుల్లో చూడవద్దు. ‘అంద నాళ్’కు, తెలుగుదేశం నుంచి కొత్తగా వచ్చిన కోడళ్ళ పక్కన తమిళం తెలిసినవారు ఒకరు కూర్చుని అర్థం చెప్పండి, కాల్చినదెవరో మాత్రం ముందుగా చెప్పకండి.