మోటారుసైకిలునకును కందెన కావలెను

బండియిరుసునకు కందెన, ఎద్దునకు నాడాలు తప్పక చూచుకొనిన మన రైతు, మోటారుసైకిలును మాత్రము అది మూలుగువరకు తలపడు. చైనును కిరసనాయిలుతో కడిగి, ఆరినపిదప నూనె రాయుట అరగంట పని. ఇంతమాత్రమునకు తాడేపల్లిగూడెము పోనేల? బ్రేకుల పని మేస్త్రీకే విడువవలెను. అందు పౌరుషము తగదు.

2024 సెప్టెంబరులో బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేటిలో కలిసి, ఏలూరు–కైకలూరు రోడ్డు మునిగినది. అట్టి నీట దిగిన బండికి ఇంజనాయిలు పాలవలె తెల్లబారినచో లోనికి నీరు చేరినదని యెరుగునది. కిక్కు కొట్టరాదు, ముందు నూనె మార్చవలెను.

మార్చిన నూనెను కాలువలో పోయుచున్నారు! ఆ నీరే మన చేపలచెరువులకు, కొల్లేటికి చేరును. సంఘపు గిడ్డంగివద్ద పాతనూనెకొక పీపా యుంచవలెనని మా యభిప్రాయము.