పరికరం కొంటే దాని భాష కూడా చేతికి రావాలి

పదిహేను, ఇరవై ఏళ్ల కిందట కొన్న స్పెక్ట్రోఫోటోమీటర్లు, డిజిటల్ ఆసిలోస్కోపులు, ఎలక్ట్రానిక్ త్రాసులు చాలా కాలేజీ ప్రయోగశాలల్లో ఇంకా ఉన్నాయి. వాటిలో సరిగ్గా కొలిచేవి తక్కువేమీ కాదు. వాటి వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంటుంది. ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టు ఉండదు. అందుకే ఒక చివర యూఎస్‌బీ, మరో చివర సీరియల్ ఉన్న అడాప్టర్ కేబుల్ మధ్యలో వచ్చి చేరింది. కంప్యూటర్ మార్చినప్పుడో, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ అయినప్పుడో ఆ కేబుల్‌ను కంప్యూటర్ గుర్తించడం మానేస్తే, లక్షలు పోసి కొన్న పరికరం మూలన పడుతుంది. నిజానికి పరికరం చెడిపోలేదు, కేబుల్ కూడా చెడిపోలేదు. కంప్యూటర్‌కూ కేబుల్‌కూ మధ్య మాట తెగిపోయింది.

ఆ మాట ఏమిటో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. సీరియల్ పోర్టుకు ఆధారమైన ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960 నాటిది. అందులో బిట్లు ఒకదాని వెనక ఒకటి తీగ మీద వెళతాయి. సెకనుకు ఎన్ని బిట్లు, ఒక అక్షరానికి ఎన్ని బిట్లు, తప్పు పట్టుకోవడానికి పారిటీ బిట్ ఉందా లేదా, అక్షరం చివర స్టాప్ బిట్లు ఎన్ని అన్న విషయాల మీద రెండు చివరలూ ముందే ఒప్పందానికి రావాలి. 1996లో వచ్చిన యూఎస్‌బీ తీరు వేరు. అందులో ప్రతిదీ ప్యాకెట్ల రూపంలో నడుస్తుంది. కాబట్టి అడాప్టర్‌లోని చిప్ రెండు పనులు చేయాలి. ఒకటి, ప్యాకెట్‌లో వచ్చిన బైట్లను విప్పి తీగ మీదకు వదలడం. రెండు, ఏ వేగంతో, ఏ పద్ధతిలో వదలాలో కంప్యూటర్ చెబితే వినడం. ఈ రెండో పనికి ఒక సందేశం కావాలి. చిక్కంతా ఆ సందేశం రూపం దగ్గరే మొదలవుతుంది.

దీనికి ఒక ఉమ్మడి పద్ధతి ఎప్పటినుంచో ఉంది. యూఎస్‌బీ సంస్థలు కలిసి రూపొందించిన కమ్యూనికేషన్స్ డివైస్ క్లాస్ ప్రమాణం 1.1 రూపం 1999లో వెలువడింది. దాని ప్రకారం ఈ సందేశం పొడవు ఏడు బైట్లు. మొదటి నాలుగు బైట్లు వేగం, ఐదోది స్టాప్ బిట్లు, ఆరోది పారిటీ, ఏడోది అక్షరానికి బిట్ల సంఖ్య. సెకనుకు 9600 బిట్ల వేగం కావాలనుకుందాం. 9600ను పదహారు ఆధారంగా రాస్తే 2580. చిన్న స్థానాల బైట్ ముందు వస్తుంది కాబట్టి పూర్తి సందేశం 80 25 00 00 00 00 08 అవుతుంది. ఒక స్టాప్ బిట్, పారిటీ లేదు, అక్షరానికి ఎనిమిది బిట్లు. అంతే. దీన్ని ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా రాయవచ్చు.

మార్కెట్లో దొరికే చాలా అడాప్టర్ల చిప్‌లు ఈ దారిన వెళ్లలేదు. ఒక్కో తయారీదారు సొంత పద్ధతి పెట్టుకున్నారు. గ్లాస్గో కేంద్రంగా పనిచేసే ఎఫ్‌టీడీఐ చిప్‌లనే తీసుకుందాం. బాగా వాడుకలో ఉన్న వాటి చిప్‌కు 9600 అని నేరుగా చెబితే కుదరదు. 30 లక్షలను 9600తో భాగిస్తే వచ్చే 312.5ను, అందులోని అర భాగానికి ప్రత్యేక గుర్తుతో కలిపి, 4138 అనే పదహారు ఆధార సంఖ్యగా పంపాలి. చిప్ నుంచి కంప్యూటర్‌కు వచ్చే 64 బైట్ల ప్యాకెట్‌లో కూడా మొదటి రెండు బైట్లు లైన్ స్థితిని తెలిపేవి. అసలు సమాచారం మిగిలిన 62 బైట్లలోనే ఉంటుంది. ఈ సంగతి తెలియని ప్రోగ్రామ్ ఆ రెండు బైట్లను కూడా పరికరం ఇచ్చిన కొలతగానే లెక్కవేస్తుంది.

డ్రైవర్ అనేది ఈ రెండు భాషల మధ్య దుబాసీ. ఉమ్మడి ప్రమాణం పాటించే చిప్‌కు దుబాసీ లినక్స్‌లో, మాక్‌లో, విండోస్ 10 నుంచి విండోస్‌లో కూడా ముందే ఉంటాడు. సొంత భాష మాట్లాడే చిప్‌కు కంపెనీ పంపే దుబాసీయే గతి. లినక్స్‌లో ఇలాంటి చిప్‌లకు ఉన్న డ్రైవర్లలో కొన్ని, తీగ మీద వెళ్లే బైట్లను గమనిస్తూ ఔత్సాహికులు విడదీసి రాసినవే. అలాంటి వారి ఓపిక మీద ప్రయోగశాలలు ఆధారపడటం మంచి ఏర్పాటు కాదు.

కంపెనీ మీద పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో 2014 అక్టోబరులో తెలిసింది. విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఎఫ్‌టీడీఐ కొత్త డ్రైవర్, తన చిప్‌లకు నకలుగా తయారైన చిప్‌లలోని గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చేసింది. దాంతో కంప్యూటర్లు వాటిని గుర్తించలేకపోయాయి. విమర్శలు రావడంతో ఆ డ్రైవర్‌ను ఉపసంహరించారు. 2016లో మరో డ్రైవర్, నకలు చిప్ కనిపిస్తే అసలు సమాచారానికి బదులు ‘ఇది అసలు పరికరం కాదు’ అని అర్థమిచ్చే ఇంగ్లిష్ వాక్యాన్ని పంపింది. కొలతల వరుసలోకి కొలత కానిది చొప్పించడం సైన్స్ దృష్టిలో చిన్న విషయం కాదు. తన కేబుల్ లోపల ఏ చిప్ ఉందో కొన్న విద్యార్థికి తెలిసే అవకాశమే లేదు.

కంపెనీల వాదనలో బలం లేకపోలేదు. నకలు చిప్‌ల వల్ల వారికి నష్టం నిజం. ఉమ్మడి ప్రమాణానికి లోపాలూ ఉన్నాయి. అది ప్రధానంగా మోడెమ్‌లను దృష్టిలో పెట్టుకుని తయారైంది. ‘ఇక పంపవచ్చు’ అని అవతలి పరికరం తెలిపే సీటీఎస్ తీగ స్థితిని కంప్యూటర్‌కు చేరవేసే ఏర్పాటు అందులో లేదు. మెరుగైన సదుపాయాల కోసం సొంత పద్ధతి పెట్టుకోవడం తప్పు కాదు. దాన్ని రాతలో పెట్టి అందరికీ ఇవ్వకపోవడమే తప్పు. సిలికాన్ ల్యాబ్స్ తన సీపీ210ఎక్స్ చిప్‌ల సందేశాల రూపాన్ని పత్రంగా ప్రచురించింది. కాబట్టి ఇది సాధ్యం కాని కోరిక కాదు.

మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. న్యూఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ తన ఫీనిక్స్ ప్రాజెక్టులో భాగంగా భౌతికశాస్త్ర ప్రయోగాల కోసం ఎక్స్‌పైస్ అనే చిన్న పరికరాన్ని రూపొందించింది. ఎక్స్‌పైస్-17లోని యూఎస్‌బీ చిప్ ఉమ్మడి ప్రమాణాన్నే పాటిస్తుంది. దాని సర్క్యూట్, లోపలి ప్రోగ్రామ్, కంప్యూటర్‌లో నడిచే పైథాన్ ప్రోగ్రామ్ అన్నీ బహిరంగమే. డిగ్రీ విద్యార్థి కూడా ఏ ఆదేశానికి ఏ జవాబు వస్తుందో చదివి, తన ప్రయోగానికి తానే ప్రోగ్రామ్ రాసుకోవచ్చు.

అడాప్టర్ భాష తెలిసినంత మాత్రాన పని పూర్తి కాదు. అది మోసుకొచ్చే పరికరం భాష కూడా తెలియాలి. ఇందుకు కరెంటు మీటర్లు దారి చూపాయి. మీటరు ముందుభాగంలోని ఆప్టికల్ పోర్టుకు ఒక ప్రోబ్ ఆనించి, సీరియల్ లేదా యూఎస్‌బీ ద్వారా రీడింగులు తీసుకుంటారు. ఒకప్పుడు తయారీదారును బట్టి మీటరు భాష, దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ మారిపోయేవి. అంతర్జాతీయ డీఎల్‌ఎంఎస్-కోసెమ్ పద్ధతి ఆధారంగా భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 15959ను 2011లో తెచ్చింది. మీటరు ఎవరు చేసినా సందేశం రూపం ఒకటే ఉండాలన్నది దాని సారాంశం. అంత పెద్ద రంగంలో కుదిరిన పద్ధతి ప్రయోగశాల పరికరాలకు కుదరదని అనడానికి కారణం కనిపించదు.

ప్రజాధనంతో పరికరాలు కొనే విశ్వవిద్యాలయాలు, కాలేజీలు, పరిశోధన సంస్థలు టెండర్‌లో మూడు షరతులు చేరిస్తే చాలు. పరికరంతో వచ్చే యూఎస్‌బీ అనుసంధానం ఉమ్మడి ప్రమాణాన్ని పాటించాలి, లేదా దాని సందేశాల రూపాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. పరికరం అర్థం చేసుకునే ఆదేశాలన్నీ, వాటి జవాబులు, ప్రమాణాలతో సహా మాన్యువల్‌లో ఉండాలి. ఆ జాబితాతో వేరే ప్రోగ్రామ్ నుంచి ఒక కొలత తీసి చూపించాకే బిల్లు చెల్లించాలి. ఇందుకు అదనంగా అయ్యే ఖర్చు కొన్ని పేజీల కాగితం. అది లేకపోతే, కంపెనీ మద్దతు ఆపేసిన రోజున బాగున్న పరికరాన్ని పక్కనపెట్టి మళ్లీ కొత్తదానికి ఇండెంట్ పెట్టాల్సి వస్తుంది.